ఇక నుంచి ముందు మీ పని అడుగుతాం, తర్వాతే సిస్టమ్ తెరుస్తాం

మా షాపుకు వచ్చే అందరికీ నమస్తే.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఈ షాపు పెట్టి పదకొండేళ్ళు దాటింది. మీలో చాలామంది ఇంటికి మొదటి కంప్యూటర్ మా దగ్గరి నుంచే వెళ్ళింది. ఇప్పుడు పిల్లల ల్యాప్‌టాప్‌లూ మా దగ్గరికే తెస్తున్నారు. అంత నమ్మకం పెట్టుకున్న మీకు మా వల్ల జరిగిన రెండు పొరపాట్లు నేనే చెప్పాలి. ఇంకొకరి నోటి నుంచి వినకూడదు.

సంగతి విండోస్ 10 దగ్గర మొదలైంది. 2015లో వచ్చిన విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్, అంటే మామూలుగా పంపే సెక్యూరిటీ అప్‌డేట్లు, ఆపేసింది. విండోస్ 11 వేసుకుందామంటే దానికి టీపీఎం 2.0 ఉండాలి, అంటే తాళంచెవుల్లాంటి రహస్య సంకేతాలను దాచే ఏర్పాటు. ప్రాసెసర్ ఇంటెల్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ నుంచి మొదలవ్వాలి. మన దగ్గర షాపుల్లో, స్కూళ్ళలో, ఇళ్ళలో ఉన్నవి ఎక్కువగా 3, 4, 6 జనరేషన్లు. బాగా పనిచేస్తున్న సిస్టమ్‌ను తీసి పక్కన పెట్టమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకే కొందరికి అడ్డదారిలో విండోస్ 11 వేశాం, కొందరికి విండోస్ బదులు నడిచే లైనెక్స్ వేశాం. రెండు చోట్లా తప్పు చేశాం.

అడ్డదారి అంటే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు టీపీఎం, ప్రాసెసర్ చెకింగ్‌ను దాటవేయడం. 2024లో అలా చాలా సిస్టమ్‌లకు విండోస్ 11లో 23హెచ్2 వెర్షన్, అంటే 2023 రెండో సగంలో వచ్చింది, వేశాం. సిస్టమ్ మంచిగనే నడిచింది, మీరూ సంతోషంగానే తీసుకెళ్ళారు. నేను చెప్పాల్సింది, చెప్పనిది ఒకటుంది. అర్హత లేని సిస్టమ్‌కు ఏటా వచ్చే కొత్త వెర్షన్ దానంతట అది రాదు, ఎవరో ఒకరు కూర్చుని మళ్ళీ చేతితో వేయాలి. హోమ్, ప్రో ఎడిషన్లలో 23హెచ్2కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 నవంబర్ 11తో ఆగిపోయాయి. అంటే "అప్‌డేట్‌గా ఉంటుంది" అని నేను చెప్పి ఇచ్చిన సిస్టమ్‌లు ఆ రోజు నుంచి అప్‌డేట్ లేకుండా నడుస్తున్నాయి. వాటిలో మీరు బ్యాంకు పనులు చేసుకుంటున్నారు. ఇది గుర్తొచ్చిన రాత్రి నాకు నిజంగా నిద్ర పట్టలేదు.

మీ సిస్టమ్ అందులో ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. కీబోర్డు మీద విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే చిన్న బాక్స్ వస్తుంది. అందులో ఇంగ్లిష్ అక్షరాల్లో విన్‌వర్ (winver) అని కొట్టి ఎంటర్ నొక్కండి. వెర్షన్ దగ్గర 23హెచ్2 గానీ, అంతకు ముందుది గానీ కనిపిస్తే షాపుకు తీసుకురండి. 25హెచ్2 వేసి ఇస్తాం, ఒక్క రూపాయి తీసుకోం. మైక్రోసాఫ్ట్ ఇలాంటి సిస్టమ్‌లకు హామీ ఇవ్వదు కాబట్టి దాన్నే నమ్ముకుని ఎన్నేళ్ళు ఉండొచ్చో కూడా అప్పుడే ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

రెండో తప్పు ఒకే ఒక్కరికి జరిగింది. నన్ను ఎక్కువగా బాధపెట్టింది మాత్రం అదే.

పానగల్ వైపు నుంచి ఒక రిటైర్డ్ తెలుగు సార్ మా షాపుకు వస్తారు. ఆయనది 4వ జనరేషన్ ఐ3 డెస్క్‌టాప్. చేసే పనులు యూట్యూబ్, ఈమెయిల్, కొంచెం రాసుకోవడం. ఈ మాత్రానికి లైనెక్స్‌లో ఒక రకమైన మింట్ చక్కగా సరిపోతుందనిపించింది. ఉచితం, తేలిక, వైరస్ గోల తక్కువ. ఫైళ్ళన్నీ కాపీ చేసి, హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ పెట్టి, మింట్ వేసి, వాటిని తిరిగి అందులో పెట్టి పంపాను. మర్నాడు పొద్దున షాపు షట్టర్ తీయకముందే ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. "బాబూ, నేను రాసింది ఒక్క ముక్క కూడా లేదు" అన్నారు.

ఫైలు తెరిచాను. పేజీ నిండా ఇంగ్లిష్ అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, గీతలు, మధ్యమధ్య ఏవేవో గుర్తులు. తన ఊరి చెరువులు, గుళ్ళు, పాత పేర్ల గురించి సార్ పన్నెండేళ్ళుగా రాసుకున్న పేజీలు అవి. పక్కన నిలబడి ఆయన చూస్తున్నారు, నా చేతులు మౌస్ మీద ఆగిపోయాయి.

పోయిందేమీ లేదు. సార్ టైప్ చేసింది అను ఫాంట్లలో. మన డీటీపీ సెంటర్లన్నీ ఏళ్ళ తరబడి వాడుతున్నవే ఇవి. అవి యూనికోడ్ కాదు. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు సొంత నంబర్లు ఉంటాయి, ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగే కనబడుతుంది. అను లాంటి పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల నంబర్ల మీదనే తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెడతారు. తలకట్టు ఒక చోట, ఒత్తు ఒక చోట. ఆ ఫాంటు ఉన్నంతసేపు తెలుగు కనిపిస్తుంది, అది లేని సిస్టమ్‌లో అడుగున ఉన్న ఇంగ్లిష్ నంబర్లు బయటపడతాయి. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. రోజూ డీటీపీ వాళ్ళ సిస్టమ్‌లు బాగుచేస్తాను. కానీ సార్ ఫైళ్ళలో ఒక్కటి కూడా ముందు తెరిచి చూడలేదు. "కొంచెం రాసుకుంటాను" అని ఆయన అంటే, దేంట్లో రాస్తారు సార్ అని అడగలేదు.

ఇప్పుడు ఆ పేజీలన్నీ యూనికోడ్‌లోకి మారుస్తున్నాం. కన్వర్టర్ పనిలో ఎక్కువ భాగం చేసేస్తుంది, కొన్ని ఒత్తులు, గుడులు మాత్రం తారుమారు చేస్తుంది. అందుకే మా అమ్మాయి, సార్ పక్కపక్కన కూర్చుని పేజీ పేజీ చదివి సరిచేస్తున్నారు. దీనికి మేము డబ్బులు తీసుకోవడం లేదు, తీసుకోకూడదు కూడా. మీలో ఎవరి దగ్గరైనా అను ఫాంట్లలో పాత రాతలుంటే, లైనెక్స్ మాట ఎత్తకముందే వాటిని ఒకసారి నాకు చూపించండి.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. ఏ సిస్టమ్ వచ్చినా స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకుంటాం. రోజూ ఏ పని చేస్తారు, ఏ సాఫ్ట్‌వేర్‌లో, దానికి ఏ మెషిన్లు తగిలిస్తారు. ప్రింటర్, వేలిముద్ర మెషిన్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, ఏదైనా సరే. వేలిముద్ర మెషిన్‌తో పని ఉన్న సెంటర్ వాళ్ళకు, టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీద నడిచే మిల్లు వాళ్ళకు లైనెక్స్ మంచిదని నేను చెప్పను. వాళ్ళ పని విండోస్ మీదే సాఫీగా సాగుతుంది.

ఇక శనివారం సాయంత్రాల ముచ్చట. మా షాపులో శనివారం నాలుగింటి తర్వాత గిరాకీ తగ్గుతుంది, అప్పుడు కంప్యూటర్ పిచ్చి ఉన్నవాళ్ళంతా చేరతారు. ఎవరి సిస్టమ్ గొప్ప, విండోస్, లైనెక్స్ లాంటి వాటిలో ఏ ఓఎస్ మేలు అని రోడ్డు దాకా వినపడేలా వాదన. మొన్నొక శనివారం, ఇలా కాదు, అన్నీ తెచ్చి బల్ల మీద పెట్టండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూద్దాం అన్నాను.

ఇంజనీరింగ్ చదివే తమ్ముడు రైజన్ 5 5600, 16 జీబీ ర్యామ్‌తో తానే బిగించుకున్న సిస్టమ్ ఆటోలో తెచ్చాడు. యూనివర్సిటీలో చదివే ఒక అమ్మాయి ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ తెచ్చింది. రామగిరి నుంచి డీటీపీ అన్న తన 3వ జనరేషన్ ఐ5 తెచ్చాడు, అందులో ఇంకా విండోస్ 7. మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు రాసే అన్న 10వ జనరేషన్ ఐ3 ల్యాప్‌టాప్ తెచ్చాడు, విండోస్ 11, అన్ని అర్హతలూ ఉన్నది.

బటన్ నొక్కిన దగ్గరి నుంచి బ్రౌజర్ తెరుచుకునే దాకా లెక్కపెట్టాం. రైజన్, మ్యాక్ రెండూ అరనిమిషం లోపే వచ్చేశాయి, అందులో ఆశ్చర్యం లేదు. పదమూడేళ్ళ నాటి డీటీపీ అన్న సిస్టమ్ 31 సెకన్లలో వచ్చింది. అన్నిటికన్నా వెనక పడింది మిల్లు అన్న ల్యాప్‌టాప్. నాలుగు నిమిషాలకు ఆరు సెకన్లు తక్కువ. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా మాటలు ఆపేసి దాని వైపే చూశారు. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ దగ్గర నూటికి నూరు, ఎర్రగా.

కారణం జనరేషన్ కాదు. దాంట్లో 1 టీబీ హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్. 2020 ప్రాంతంలో అలాంటి ల్యాప్‌టాప్‌లు చాలా వచ్చాయి, నేనూ అమ్మాను. హార్డ్ డిస్క్‌లో పళ్ళెం తిరగాలి, దాని మీద ముల్లు లాంటిది అటూ ఇటూ జరిగి ఒక్కో ముక్క వెతకాలి. విండోస్ లేచేటప్పుడు ఒకేసారి వేల చిన్న చిన్న ఫైళ్ళు అడుగుతుంది, ఆ ముల్లు ఎన్ని వైపులని పరిగెత్తుతుంది? ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. డీటీపీ అన్నకు మూడేళ్ళ కింద పెట్టిన మామూలు సాటా ఎస్‌ఎస్‌డీనే ఆ తేడా అంతా తెచ్చింది. మిల్లు అన్నకు ఆ సాయంత్రమే ఎస్‌ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వేసి చూశాం. 38 సెకన్లు. కొత్త ల్యాప్‌టాప్ కొందామని అప్పటికే పైసలు పక్కన పెట్టుకున్నాడట.

డీటీపీ అన్న విండోస్ 7 గురించి మాత్రం తమ్ముళ్ళు గట్టిగా వాదించారు. 2020 జనవరి 14తోనే దాని సపోర్ట్ అయిపోయింది, తీసేయాలన్నారు. ఆయన పేజీలు తయారుచేసే పేజ్‌మేకర్ 7.0 వాడతాడు, అది 2001 నాటిది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు అన్నీ అందులోనే. ఆ సిస్టమ్‌కు నెట్ తగిలించడు, వాట్సాప్‌లో వచ్చే పనికి వేరే సిస్టమ్ ఉంది, మధ్యలో పెన్‌డ్రైవ్, దానికి స్కానింగ్. నా మటుకు ఆయన చేస్తున్నది సరైన పనే. మ్యాక్ తెచ్చిన చెల్లెలిది ఆ బల్ల మీద ఫ్యాన్ చప్పుడు లేని ఒకే ఒక్క మెషిన్. కానీ దాని ర్యామ్ పెంచడానికి వీల్లేదు, కొన్నప్పుడు ఎంతో ఎప్పటికీ అంతే. కొనబోయేవాళ్ళు ఇది ముందే ఆలోచించుకోవాలి.

మీ ప్రాసెసర్ ఏ జనరేషనో తెలుసుకోవాలంటే సెట్టింగ్స్‌లో అబౌట్ దగ్గర పేరు చూడండి. ఐ5-7200యూ అంటే గీత తర్వాత 7, అంటే 7వ జనరేషన్, విండోస్ 11కి అర్హత లేదు. ఐ5-8250యూ అయితే ఉంది. ఐ3-1005జీ1లో మొదటి రెండంకెలు కలిపి 10గా చదవాలి. 8 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నా "అర్హత లేదు" అని వస్తే చాలాసార్లు టీపీఎం బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లో, ఆఫ్ చేసి ఉంటుంది, అంతే. ఆన్ చేయడం ఐదు నిమిషాల పని, దానికి చార్జి తీసుకోం.

అర్హత లేనివాళ్ళు కంగారు పడొద్దు. విండోస్ 10కి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా తీసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే ఉచితం. ఈ దారి నేను మొదట్లోనే చెప్పి ఉంటే సార్ సిస్టమ్ జోలికి వెళ్ళే అవసరమే వచ్చేది కాదు.

ఇంకో మాట చెప్పడం కష్టంగానే ఉంది. ఇక మీదట లైసెన్స్ కొనకుండా నడిపే క్రాక్ విండోస్, దానికి వాడే యాక్టివేటర్లు మా షాపులో వేయం. ఇన్నాళ్ళు వేశాం, దాచను. కానీ ఆ యాక్టివేటర్ నడవాలంటే యాంటీవైరస్ ఆపేయాలి, దాని వెంట ఏం లోపలికి వస్తుందో మాకు తెలియదు. విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో లైసెన్స్ కీ బోర్డులోనే ఉంటుంది, అదే ఎడిషన్ వేసి నెట్ తగిలిస్తే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. అయినా ఇన్నాళ్ళు మీకు క్రాక్ వేసి పంపామంటే అది మా బద్ధకమే. అసెంబుల్డ్ సిస్టమ్ వాళ్ళకు మాత్రం ఖర్చు పెరుగుతుంది. కొందరు వేరే షాపుకు వెళ్తామన్నారు, వాళ్ళ మీద నాకు కోపం లేదు.

రేట్ల గురించి కూడా అడుగుతున్నారు. ర్యామ్ ధర 2025 చివరి నుంచి బాగా పెరిగింది. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు ఎక్కువగా చేసేవి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలే. ఇప్పుడు ఏఐ సర్వర్లకు కావాల్సిన మెమరీ వైపు అవి మళ్ళాయి. మనం ఎక్కువగా వాడే క్రూషియల్ బ్రాండ్ అమ్మకాలు ఆపేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మాకిచ్చే రేటు నేను ఫోన్ పెట్టేలోపు మారిపోతోంది. అందుకే మేమిచ్చే కొటేషన్ ఇక మూడు రోజులే చెల్లుతుంది. కొనుగోలు బిల్లు చూడాలంటే అడగండి, చూపిస్తాను. పాత సిస్టమ్ అమ్మేసేవాళ్ళు ర్యామ్ తీసి దాచుకోండి, పాత రకం డీడీఆర్3 అయినా మనవాళ్ళలో ఎవరికో ఒకరికి అక్కరకొస్తుంది.

శనివారం బల్ల కొనసాగుతుంది. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా, ఎవరైనా రావచ్చు, కొనాల్సిన పని లేదు. 23హెచ్2 సిస్టమ్‌లు తెచ్చేవాళ్ళు మాత్రం ఆదివారం తప్ప ఏ రోజైనా పొద్దున పూట రండి, ఒక్కోదానికి రెండు గంటలు పడుతుంది. దేవరకొండ, హాలియా వైపు నుంచి వచ్చేవాళ్ళు ముందు ఫోన్ చేస్తే తిరిగి వెళ్ళే బస్సు టైముకు అందేలా చేసి పెడతాం. ల్యాప్‌టాప్‌తో పాటు చార్జర్ తెచ్చుకోండి. ముఖ్యమైన ఫైళ్ళు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో కాగితం మీద రాసుకొని రండి, ముందు వాటిని మీ ఎదురుగానే తెరిచి చూస్తాం.