షో ఆగదు, ఎల్పీ మాత్రం ఆలస్యం

టికెట్‌తో పాటు ఎల్పీ (వినైల్ రికార్డు) కూడా బుక్ చేసుకున్నవాళ్లకి ముందుగా చెప్పాలి. ఆల్బమ్ రిలీజ్ షో అనుకున్న రోజే, అనుకున్న టైమ్‌కే జరుగుతుంది. కానీ ఆ రోజు రికార్డు మీ చేతికి రాదు. రికార్డులు అచ్చువేసే ప్రెస్సింగ్ ప్లాంట్ పంపిన శాంపిల్‌ని నేనే వద్దన్నాను. 'అనివార్య కారణాల వల్ల ఆలస్యం' అని ఒక ముక్క రాసి ఊరుకోవచ్చు. మన హాల్‌కి ఇన్నేళ్లుగా వస్తున్నవాళ్లకి అలా రాయబుద్ధి కాలేదు.

మొత్తం ఆర్డర్ తీసే ముందు ప్లాంట్ వాళ్లు కొన్ని కాపీలు చేసి పంపుతారు. టెస్ట్ ప్రెస్సింగ్ అంటారు. విని సరే అంటేనే మిగతావి మెషీన్ ఎక్కుతాయి. సైడ్ ఏ బ్రహ్మాండంగా వచ్చింది. సైడ్ బీ చివరి పాట దగ్గర వచ్చింది చిక్కు. ఆ పాట ఆఖర్లో పియానో తప్ప ఇంకేమీ ఉండదు, ఒక్కో స్వరం చాలాసేపు మోగుతూ ఉంటుంది. ఆ స్వరం నిలబడటం లేదు. కాస్త పైకెళ్తోంది, కాస్త దిగుతోంది. మొదట నా చెవుల్నే అనుమానించాను. తర్వాత వంగి సూదిని మోసే టోన్‌ఆర్మ్‌ని చూశాను. డిస్క్ తిరిగిన ప్రతిసారీ అది అటోసారి ఇటోసారి ఊగుతోంది. 33⅓ స్పీడులో ఒక చుట్టుకి 1.8 సెకన్లు పడుతుంది. పియానో వణికేది కూడా సరిగ్గా అంతకోసారే.

అంటే గాడుల కేంద్రం ఒకచోట, చిల్లు ఇంకోచోట ఉన్నాయన్నమాట. బయటి అంచున ఉన్న పాటల్లో ఇది పెద్దగా తెలియదు. లోపలికి వెళ్లేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది కాబట్టి అదే తేడా ఎక్కువగా వినిపిస్తుంది. గిటార్ల హోరులో అయితే దాక్కుంటుంది. ఒంటరి పియానో ఏదీ దాచదు.

ప్లాంట్‌కి ఫోన్ చేస్తే 'మీ టర్న్‌టేబుల్ ఒకసారి చెక్ చేయించుకోండి' అన్నారు. నా టర్న్‌టేబుల్‌ని! అదే మెషీన్ మీద సైడ్ ఏ ఏ వంకా లేకుండా ఆడింది కదా అన్నాను. ఒక్క కాపీలో ఉంటే సరే, ఏదో జరిగిందనుకోవచ్చు. పంపినవన్నీ ఒకేలా ఊగుతున్నాయంటే ఆ సైడుని ముద్రించే లోహపు అచ్చుకే, అంటే స్టాంపర్‌కే, చిల్లు పక్కకి పడింది. కాసేపు నీళ్లు నమిలారు. ఆ తర్వాత 'పరిమితిలోనే ఉందండీ, చాలామందికి తెలియదు' అన్నారు. ఆఖరికి 2020 అగ్నిప్రమాదాన్ని కూడా లాక్కొచ్చారు. ఆ ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో లాకర్ డిస్కులు, అంటే పాటని మొదట గాడులుగా చెక్కే పూత డిస్కులు, చేసే ఫ్యాక్టరీ కాలిపోయిన మాట నిజం. ప్రపంచం మొత్తానికి అలాంటివి రెండే ఉండేవి, రెండోది జపాన్‌లో ఉంది. అప్పుడు రికార్డులు చేసే ప్రతి ఒక్కరికీ టెన్షనే. కానీ మా లాకర్ కటింగ్ ఎప్పుడో అయిపోయింది. దాని నుంచి తీసిన మదర్ ప్లేటు (స్టాంపర్లు తీసుకునే లోహపు మూలప్రతి) వాళ్ల దగ్గరే ఉంది. దాంతో ఇంకో స్టాంపర్ తీసి, చిల్లు సరిగ్గా కొట్టాలి, అంతే. దీనికి ఆ మంటకి ఏం సంబంధం?

చివరికి నా ముందు పెట్టింది ఇది: ఉన్నదాన్నే ఒప్పుకుంటే షో నాటికి పెట్టెలు వస్తాయి, కాదంటే క్యూలో చివరికి పోవాలి.

దీని మీద నాకు నిద్ర పట్టలేదు. సొంత ఖర్చుతో ఆల్బమ్ చేసుకున్న బ్యాండ్‌కి రికార్డులు అమ్ముడుపోయేది ఎక్కువగా షో రాత్రే. పాట వింటున్న వేడిలోనే జనం టేబుల్ దగ్గరికి వస్తారు, మర్నాటికి ఆ వేడి ఉండదు. ఇది నాకు బాగా తెలుసు. బ్యాండ్‌లో ఒకరిద్దరు 'పోనీలే, తీసుకుందాం' అన్నారు కూడా. పియానో వాయించే అమ్మాయి మాత్రం ఆ పాట విన్నాక ఏమీ అనకుండా హెడ్‌ఫోన్స్ తీసి టేబుల్ మీద పెట్టింది. ఆ తర్వాత సరే అనడానికి నాకు నోరు రాలేదు. ఆ కవర్ మీద మన లేబుల్ పేరుంటుంది. చాలామందికి తెలియదట! మీలో సగం మందికి తెలుస్తుంది, ఆ సంగతి ప్లాంట్ వాళ్లకి తెలియదు.

'చిన్న లేబుళ్లకే ఇంత పట్టింపు' అని కూడా ఒక మాట పడ్డాను. పట్టింపే. ఆ ప్లాంట్‌తో ఇదే ఆఖరి ఆర్డర్. మదర్ ప్లేటు అక్కడుంది కాబట్టి దీనివరకు తప్పదు.

ఇక మీ విషయం. ఎల్పీ బుక్ చేసుకున్నవాళ్లందరికీ షో ఉదయమే డౌన్‌లోడ్ కోడ్ పంపిస్తాం, రికార్డు రాగానే మా ఖర్చుతో ఇంటికి పంపుతాం. వద్దనుకుంటే రికార్డు డబ్బు వెనక్కి ఇస్తాం, టికెట్ చెల్లుతుంది, కారణం అడగం. కొత్త టెస్ట్ కాపీ విని సరే అనేవరకూ తేదీ మాత్రం చెప్పను. వాళ్లు చెప్పిన తేదీలు నమ్మి మీకు చెప్పడం మానేశాను.

లైనప్‌లో మార్పు లేదు. రికార్డు లేనప్పుడు జనం తగ్గుతారు, ముందు వాయించే లోకల్ బ్యాండ్లని తీసేసి ఎవరైనా పేరున్నవాళ్లని పెట్టమని ఓ సలహా వచ్చింది. వినలేదు. ఆ రెండు జట్లూ ఈ షో కోసం కొత్త పాటలు సిద్ధం చేసుకున్నాయి. పైగా ఇవాళ మెయిన్ బ్యాండ్ అని మనం పిలుచుకునేవాళ్లు ఒకప్పుడు ఇదే స్టేజీ మీద ఓపెనింగ్ వాయించినవాళ్లే. డ్రమ్ కిట్ అందరికీ ఒకటే, స్నేర్, సింబల్స్, పెడల్ మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకుంటారు, కాబట్టి మధ్యలో ఎక్కువసేపు ఆగాల్సిన పని ఉండదు. సౌండ్ చెక్ ఎప్పటిలాగే తలకిందులుగా చేస్తాం: ఆఖర్న వాయించేవాళ్లు ముందు, మొదట వాయించేవాళ్లు చివర. అందుకే తలుపులు తెరిచేసరికి మొదటి జట్టు సామాను స్టేజీ మీద సిద్ధంగా ఉంటుంది, టికెట్ మీద రాసిన టైమ్‌కే మొదలుపెడతారు. గేటు దగ్గర 'మెయిన్ బ్యాండ్ ఎన్నింటికి' అని అడిగేవాళ్లకి ఈసారి జవాబు చెప్పొద్దని మావాళ్లకి చెప్పేశాను.