పుట్టేనాటికి మెదడు కణాలన్నీ సర్దుకోవు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ విజ్ఞాన పుటలో శిశువు మెదడు ఎదుగుదలపై వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఇటువంటి విషయాన్ని తెలుగులో రాయించినందుకు అభినందనలు. అయితే అందులో దొర్లిన రెండు పొరపాట్లను మీ దృష్టికి తేవడం, ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం బోధించినవాడిగా నా బాధ్యత అనుకుంటున్నాను. శీర్షికలో 'నిరోధక నాడీకణాలు' అని ఉండవలసిన చోట 'రోగనిరోధక కణాలు' అని పడింది. రెండవది ఇంతకంటే పెద్దది: బిడ్డ భూమ్మీద పడేనాటికి మెదడులోని నాడీకణాలన్నీ తమ తమ స్థానాల్లో కుదురుకుంటాయని, ఆ తరువాత జరిగేదల్లా వాటి మధ్య సంబంధాలు ఏర్పడడమేనని వ్యాసకర్త రాశారు.

మొదటి పొరపాటుకు మీ డెస్కును పూర్తిగా తప్పుపట్టలేను. నిరోధకం అనగానే మనకు టీకాలే గుర్తుకొస్తాయి. పైగా మెదడులోకి వలస వచ్చే రోగరక్షక కణాలు కూడా నిజంగానే ఉన్నాయి; మైక్రోగ్లియా అనే ఆ కణాలు పిండదశ తొలిరోజుల్లో సొనసంచి నుంచి బయలుదేరి వస్తాయి. వ్యాసం చెప్పదలచినది వాటి సంగతి కాదు, గాబా అనే రసాయనాన్ని విడుదల చేసి పక్క నాడీకణాల ఉద్రేకాన్ని అదుపులో ఉంచే నాడీకణాల సంగతి. మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లోని నాడీకణాల్లో నూటికి సుమారు 20 నుంచి 30 వరకు ఇవే ఉంటాయి. నేను తరగతిలో వీటిని 'శమక కణాలు' అనేవాణ్ణి. ఆ మాట వాడాక పిల్లలకు ఈ తికమక ఉండేది కాదు.

ఇక అసలు విషయం. కార్టెక్స్‌లో పక్క కణాలను ఉత్తేజపరిచే ఉద్రేక కణాలు ఆ పొరకు సరిగ్గా కిందనే, మెదడు లోపల ద్రవం నిండి ఉండే కుహరం గోడలో పుట్టి, రేడియల్ గ్లియా అనే పొడవాటి కణాల పోగులను పట్టుకొని, గీత కార్మికుడు తాటిచెట్టు ఎక్కినట్టు నిట్టనిలువుగా పైకి చేరతాయి. శమక కణాలు కూడా అక్కడే పుడతాయని చాలాకాలం నమ్మారు. 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో శాఖలో స్టూవర్ట్ ఆండర్సన్, జాన్ రూబెన్‌స్టీన్ బృందం ఎలుక పిండాలపై చేసిన ప్రయోగాలు ఆ నమ్మకాన్ని కదిలించాయి. మెదడు ముక్కలో కార్టెక్స్‌ను అడుగుభాగం నుంచి కోసి వేరుచేస్తే కార్టెక్స్‌లో గాబా కణాలు తగ్గిపోయాయి. డీఎల్ఎక్స్1, డీఎల్ఎక్స్2 అనే రెండు జన్యువులూ లేని ఎలుకల్లోనైతే అవి నాలుగో వంతుకు పడిపోయాయి. అంటే ఆ కణాలు అక్కడ పుట్టినవి కావు, ముందుమెదడు అడుగున ఉబ్బెత్తుగా ఉండే గాంగ్లియోనిక్ ఎమినెన్స్ అనే చోట పుట్టి, అడ్డంగా ప్రయాణించి వచ్చినవి.

ఆ ప్రయాణం జరిగే తీరు ఎన్నిసార్లు చదివినా నాకు విసుగు రాదు. కణం తన ముందుకొసను కొమ్మల్లా చీల్చి, దారి వాసన చూసినట్టు అటూ ఇటూ తడిమి, ఒక కొమ్మను ఎంచుకొని, కేంద్రకాన్ని ఒక్క గెంతులో అటువైపు లాగుకుంటుంది. ఆ ఒకే ఉబ్బెత్తు గడ్డపై పుట్టిన కణాల్లో కొన్ని దగ్గరలోని స్ట్రయాటమ్ అనే మెదడు లోపలి భాగంలోనే ఉండిపోతాయి, మరికొన్ని దాన్ని తప్పించుకొని కార్టెక్స్‌కు పోతాయి. ఈ తేడా ఎన్‌కేఎక్స్2-1 అనే జన్యువు దగ్గర వస్తుంది. పుట్టుక సమయంలో రెండు రకాలకూ ఆ జన్యువు కావలసిందే. తరువాత దాన్ని ఆపివేసిన కణాల పైపొర మీదికి న్యూరోపిలిన్ అనే, సంకేతాలను పసిగట్టే గ్రాహకాలు వస్తాయి, ఆ కణాలకు స్ట్రయాటమ్‌లోని సెమాఫోరిన్లు అనే సంకేత ప్రోటీన్లు గిట్టవు కాబట్టి అవి పక్కకు తప్పుకొని ముందుకు సాగుతాయి. ఆపని కణాలకు ఆ వికర్షణ తెలియదు, అవి అక్కడే స్థిరపడతాయి. అంత దూరం వచ్చిన కణాలైనా అన్నీ బతకవు. ఎలుకల్లో దాదాపు 40 శాతం పుట్టిన తొలివారాల్లోనే నశిస్తాయి.

మనిషి విషయానికి వస్తే వ్యాసకర్త మాట ఇక్కడే తప్పుతుంది. 2016లో అదే విశ్వవిద్యాలయానికి చెందిన మెర్సిడెస్ పరెడెస్, ఆర్టురో అల్వారెజ్-బుయిల్లా తదితరులు మరణించిన శిశువుల మెదళ్లను పరీక్షించి, పుట్టిన తరువాత కూడా కొన్ని నెలల పాటు లేత శమక కణాలు గొలుసుల్లా, కుహరం గోడల వెంట, రక్తనాళాల వెంట నడుస్తూ ముందు మెదడు భాగమైన ఫ్రాంటల్ లోబ్‌లోకి చేరుతున్నాయని చూపారు. తల్లి ముఖం చూసి నవ్వడం నేర్చుకుంటున్న బిడ్డ మెదడులో ఇంకా దారిలోనే ఉన్న కణాలున్నాయన్నమాట. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే ఈ ప్రయాణంలో మరింత భాగం గర్భంలో కాక, ఆసుపత్రి ఇంక్యుబేటర్‌లో గడుస్తుంది. నవజాత శిశు విభాగాల గురించి తరచుగా రాసే మీ పత్రిక ఈ ఒక్క సంగతినైనా పాఠకులకు చెప్పి ఉండవలసింది.

ఈ కణాలు దారి తప్పితే ఏమవుతుందో కూడా వ్యాసంలో లేదు. ఎక్స్ క్రోమోజోమ్ మీది ఏఆర్ఎక్స్ జన్యువు దెబ్బతిన్న మగపిల్లల్లో ఈ వలస కుంటుపడి, మందులకు లొంగని ఫిట్స్ రావచ్చు. 2005లో కాటో, డాబిన్స్ అనే వైద్యులు ఇటువంటి రుగ్మతలకు ప్రత్యేకంగా ఒక పేరే ప్రతిపాదించారు. అయితే పసిపిల్లల్లో ఫిట్స్‌కు కాన్పు సమయంలో ఊపిరాడకపోవడం, రక్తంలో చక్కెర పడిపోవడం వంటి కారణాలు కూడా ఉంటాయి కనుక, ఏ తల్లీ ఈ ఉత్తరం చదివి తన కడుపునో వంశాన్నో నిందించుకోరాదు.

ఇదంతా పరాయి దేశాల ముచ్చట అని పక్కన పెట్టనవసరం లేదు. ఐఐటీ మద్రాస్‌లోని సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ వారు 2024 డిసెంబరులో 'ధరణి' పేరిట, రెండవ త్రైమాసికపు పిండాల మెదళ్లను 5,132 కోతల చిత్రాలుగా అందరికీ అందుబాటులో ఉంచారు. తదుపరి వ్యాసానికి చెన్నైలో తయారైన ఆ చిత్రాల నుంచి ఒకటి ఎంచుకొని వేస్తే, నేను ఇన్ని వాక్యాల్లో చెప్పిన ఆ ఉబ్బెత్తు గడ్డ ఎక్కడుంటుందో పాఠకులు స్వయంగా చూస్తారు.

శీర్షికకు, 'అన్నీ కుదురుకుంటాయి' అన్న వాక్యానికి వచ్చే ఆదివారం అదే పుటలో సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి