సెట్టు అంటే సమితేనా?

సంపాదకులకు నమస్కారం.

మాది గుర్రంపోడు మండలం. సాత్‌గుడి బత్తాయి తోట ఉంది. చలికాలంలో చెట్లను బెట్టకు వదిలి, తర్వాత ఎరువేసి నీళ్లు పెడితే జనవరి, ఫిబ్రవరిలో పూత వస్తుంది. ఆ పూతలో నిలబడేది కొంచెమే. పిందె పట్టిన తర్వాత కూడా ఎండ ముదిరిందంటే చెట్టు కింద పచ్చగా రాలి ఉంటుంది. రాలకుండా మందు కొట్టడానికి అదును నాలుగు రోజులే. సరిగ్గా ఆ అదునులో ఒక మందుల కంపెనీ నుంచి మా ఊళ్లో అందరి ఫోన్లకూ మెసేజ్ వచ్చింది: 'పండ్ల సమితి పూర్తయిన పిదప పిచికారీ చేయండి.'

పక్క తోట పెద్దాయన మనవడితో చదివించుకుని నా దగ్గరికొచ్చాడు. మండలాలు రాకముందు పంచాయతీ సమితులుండేవి కదా, ఆయనకు అవే గుర్తొచ్చాయి. "సమితోళ్లకు మన తోటలతోని ఏం పని తమ్మీ?" అన్నాడు. మనవడు పదో తరగతి. వాడికి సమితులంటే లెక్కల పుస్తకంలో రెండో పాఠం. విషయం అక్కడే దొరికింది. ఇంగ్లిష్‌లో 'ఫ్రూట్ సెట్', అంటే పిందె పట్టడం, అని ఉన్నదాన్ని ఏ అనువాద మెషీనో లెక్కల సెట్ అనుకుని సమితి చేసి పారేసింది.

మెషీన్‌ను మాత్రం ఏమనాలి? 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో 'సెట్'కు క్రియగానే 430 అర్థాలు చూపించారు. (తర్వాత 'రన్' దాన్ని దాటేసి 645కు చేరింది.) పెరుగు తోడుకున్నా, పొద్దు గూకినా, విరిగిన ఎముకను సరిచేసి కట్టినా వాళ్లకు సెట్టే. మనకు ఏ పని మాట ఆ పనికి ఉంది.

అట్లాగని నాకు సెట్టు మీద కోపం లేదు. బోరుకు పంపుసెట్టు ఉంది, ఆఫీసుకు పోతే జిరాక్స్ రెండు సెట్లు తెమ్మంటారు, సంబంధం కుదిరిందనే మాటే మరిచి 'సెట్టయింది' అంటున్నాం. స్లాబ్ పోసిన మేస్త్రీ "సెట్టయ్యేదాకా దాని జోలికి పోకుండ్రి" అంటే అందరికీ అర్థమవుతుంది. మా జిల్లా పక్కన మట్టంపల్లి దిక్కంతా సిమెంటు ఫ్యాక్టరీలే. మామూలు సిమెంటు అరగంట కాకముందు బిగుసుకోవడం మొదలుపెట్టకూడదు, పది గంటల్లోపు పూర్తిగా గట్టిపడాలి అని దానికో ప్రమాణం ఉంది. అక్కడ సెట్టుకు గడియారం లెక్క ఉన్నట్టే మా పిందెకూ అదును ఉంది. కాకపోతే ఆ మెసేజ్ చదివినవాడు పండ్లు కోశాక కొట్టాలేమో అనుకుంటాడు.

కంపెనీ నంబరుకు ఫోన్ చేశాం. ఎత్తిన అమ్మాయి "పిందె బఠానీ గింజంత అయినప్పుడు కొట్టండి సార్" అని ఒక్క ముక్కలో చెప్పింది. ఆ ముక్కే మెసేజ్‌లో పెట్టరాదా అంటే పైవాళ్లకు చెబుతానంది.

మన మాటలు ఎక్కడా దొరకవనడానికీ లేదు. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మొదటి మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయం మీదే. జిల్లాల్లో రైతుల నోట విని రాసుకున్న మాటలవి. మెషీన్ తయారుచేసేవాళ్లు ఆ కోశాన్ని దానికి చదివించవచ్చు. అది అయ్యేలోపు కంపెనీలైనా, ప్రభుత్వ శాఖలైనా మెసేజ్ పంపేముందు ఒక రైతుకు చదివి వినిపించి, ఆయన తలూపితేనే పంపాలి.

పత్రికల వ్యవసాయ పేజీలకూ ఇదే మనవి. 'ఫల స్థాపన దశ' అని అచ్చువేస్తున్నారు. 'పిందె పట్టే దశ' అని వేయండి, మా ఊళ్లో చదివి పెట్టే మనిషి కోసం వెతకక్కర్లేదు.

– ఒక బత్తాయి రైతు, గుర్రంపోడు మండలం, నల్లగొండ జిల్లా