జిల్లాల్లో వేళ్లూనని క్లబ్బు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. అప్పటి నుంచి ఒక మాట పదే పదే వినబడుతోంది. తెలంగాణలో ఫుట్‌బాల్‌కు జనం లేరట, అందుకే క్లబ్బు పోయిందట. ఈ మాట నిజం కాదు. దీన్ని ఇలాగే వదిలేస్తే రేపు ఇంకో క్లబ్బు పెట్టే వాళ్లు కూడా అవే తప్పులు చేస్తారు.

ముందు దేశంలో పై స్థాయి లీగైన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఆ క్లబ్బు ఆరు సీజన్ల పట్టిక చూడండి. 2019-20లో 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లతో అట్టడుగు. మరుసటి ఏడాది 29 పాయింట్లతో ఐదో స్థానం. 2021-22లో 38 పాయింట్లతో లీగ్‌లో రెండో స్థానం, ఆపైన ఐఎస్ఎల్ కప్పు. 2022-23లో 42 పాయింట్లు, మళ్లీ రెండో స్థానం. ఆ మరుసటి ఏడాది 22 మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచింది, వచ్చినవి 8 పాయింట్లు. 2024-25లో 18 పాయింట్లతో 13 జట్లలో 12వది. 42 నుంచి 8కి ఒక్క ఏడాదిలో పడిపోయిందంటే ఆటగాళ్లు ఆట మరిచిపోయినందుకు కాదు.

2020లో కోచ్ ఆల్బర్ట్ రోకా బార్సిలోనాకు వెళ్లిపోవడంతో ఆ స్థానంలోకి మనోలో మార్కెజ్ వచ్చారు. ఆయన చేసిన తెలివైన పని వయసులో ఉన్న మన దేశపు కుర్రాళ్లను నమ్మడం. ఎడమ బ్యాక్‌లో ఆకాశ్ మిశ్రా, కుడి బ్యాక్‌లో ఆశిష్ రాయ్, ముందు పక్కల్లో (వింగ్) లిస్టన్ కొలాసో, మధ్యలో మహమ్మద్ యాసిర్. ఒక తప్పు చేశారని మరుసటి మ్యాచ్‌లో బెంచీ మీద కూర్చోబెట్టలేదు. 2021-22 నుంచి ఐఎస్ఎల్‌లో మైదానంలో నలుగురికి మించి విదేశీయులు ఉండకూడదన్న నిబంధన వచ్చింది. అంటే పదకొండు మందిలో ఏడుగురు మనవాళ్లే. డబ్బున్న ప్రతి క్లబ్బుకూ నలుగురు మంచి విదేశీయులు దొరుకుతారు. పట్టికలో తేడా తెచ్చేది ఆ ఏడుగురే. మార్కెజ్ ఏడాది ముందే వాళ్లను తయారు చేసిపెట్టుకున్నారు.

ఆట పద్ధతి 4-2-3-1. అంటే వెనక నలుగురు, వాళ్ల ముందు ఇద్దరు, ఆపైన ముగ్గురు, అందరికంటే ముందు ఒక్కరు. బ్యాక్‌లిద్దరూ బంతితో పైకి వెళ్లిపోతారు. వాళ్ల వెనక ఖాళీ అయ్యే జాగాను మిడ్‌ఫీల్డర్ జోవో విక్టర్ కాపలా కాస్తాడు. అతను తన చోటు వదిలి రాడు కాబట్టే మధ్య డిఫెండర్లు జువానన్, చింగ్లెన్‌సానా పక్కలకు చెదరకుండా పెనాల్టీ బాక్సు ముందే నిలబడగలిగారు. ముందు వరుసలో స్ట్రైకర్ బార్తలోమ్యూ ఒగ్బెచె 2021-22లో 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ అందరికీ గుర్తుండే ఉంటుంది. 68వ నిమిషంలో రాహుల్ గోల్‌తో వెనకబడ్డాం, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన తవోరా బంతిని గాల్లో ఉండగానే తన్ని ఆ గోల్ కొట్టగలిగాడంటే బెంచీ కూడా బలంగా ఉందన్నమాటే.

లోపాలు అప్పుడే మొదలయ్యాయి. లిస్టన్ 2021లో, ఆశిష్ 2022లో మోహన్ బగాన్‌కు వెళ్లారు. 2023లో ఆకాశ్ ముంబైకి వెళ్లాడు. ఆటగాళ్లను అమ్ముకోవడం తప్పు కాదు, చాలా క్లబ్బులు బతికేది అలాగే. కానీ ఒకరు పోయేలోగా ఆ స్థానానికి ఇద్దరు సిద్ధంగా ఉండాలి. కప్పు గెలిచేనాటికి ఒగ్బెచెకు 37 ఏళ్లు. అతని తర్వాత గోల్స్ ఎవరు కొడతారన్న దానికి యాజమాన్యం దగ్గర జవాబు లేదు. 2023 సెమీఫైనల్లో మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లూ 0-0గా ముగిసి పెనాల్టీల్లో ఓడడానికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

అసలు దెబ్బ జీతాల దగ్గర పడింది. ఫీఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం బాకీ పడితే ఆటగాడు క్లబ్బుకు 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వొచ్చు. అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకుని వెళ్లిపోవచ్చు. అమ్మితే కోటి వచ్చే ఆటగాడు రూపాయి రాకుండా చేజారిపోతాడు. పైగా పాత బాకీల మీద ఫీఫా నిషేధం పడితే, అవి తీర్చేదాకా కొత్తవాళ్లను రిజిస్టర్ చేయనివ్వరు. పోయేవాళ్లకు తలుపు బార్లా తెరిచి ఉంటుంది, వచ్చేవాళ్లకు మూసి ఉంటుంది. 2023-24లో జరిగింది సరిగ్గా ఇదే. చింగ్లెన్‌సానా, నిఖిల్ పూజారి బెంగళూరుకు, యాసిర్ గోవాకు వెళ్లిపోయారు. మిగిలిన రిజర్వు కుర్రాళ్లతోనే కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో సీజన్ గడిపారు. ఆయన్ను గానీ ఆ పిల్లలను గానీ నిందించడం అన్యాయం. చెన్నయిన్ మీద గెలిచిన ఆ ఒక్క మ్యాచ్ వాళ్ల కష్టార్జితం. తర్వాత యాజమాన్యం మారింది. అప్పటికే ఆలస్యమైంది, జట్టు కుదురుకోకముందే ఊరే మారిపోయింది.

ఇక జనం సంగతి. కరోనా వల్ల 2020-21, 2021-22 సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి. మన జట్టు విజేతగా నిలిచిన ఏడాది సొంత మైదానమైన గచ్చిబౌలి స్టేడియంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. జట్టు మీద ప్రేమ పుట్టాల్సిన రెండేళ్లూ అది టీవీలోనే ఉంది. తిరిగొచ్చాక మ్యాచ్‌లు రాత్రి పూట. వరంగల్ వాళ్లు ఉప్పల్ వైపు నుంచి నగరంలోకి వస్తారు, స్టేడియం పడమటి చివర ఉంది. మ్యాచ్ అయ్యేసరికి తొమ్మిదిన్నర, ఊరు దాటేసరికి పదకొండు, ఆపైన కాజీపేట దాకా ప్రయాణం. హనుమకొండ నుంచో కరీంనగర్ నుంచో పిల్లలను తీసుకుని ఎవరొస్తారు? సీజన్‌కు రెండు మ్యాచ్‌లు ఆదివారం సాయంత్రం ఐదింటికి పెట్టి, పాఠశాలల బస్సులకు ఒక స్టాండు కేటాయిస్తే సరిపోయేది.

ఆ విజేత జట్టుకు వెన్నెముకైన భారతీయులు ఎక్కడివాళ్లు? సిక్కిం, ఉత్తరప్రదేశ్, మణిపూర్, గోవా, మహారాష్ట్ర. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన గడ్డ ఇది. ఇప్పుడు మాత్రం ప్రతిభ లేదా? నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) అవార్డు అందుకుంది. ఆమె ఎదిగింది కేరళ, బెంగాల్ క్లబ్బుల్లో. హైదరాబాద్‌లోని మరో క్లబ్బు శ్రీనిధి దక్కన్‌ను చూడండి. ఐఎస్ఎల్ కింది స్థాయి ఐ-లీగ్‌లో 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచి కూడా పై లీగ్‌కు వెళ్లలేకపోయింది. అయినా సొంత మైదానం ఉంది కాబట్టి నిలబడింది.

కాబట్టి పని జిల్లాల నుంచి మొదలుకావాలి. మన దగ్గర పిల్లలకు దక్కేవి నాకౌట్ టోర్నమెంట్లు. 16 జట్లు వస్తే అందులో 8 జట్లు ఒక్క మ్యాచ్ ఆడి ఇంటిముఖం పడతాయి. గంట ఆట కోసం రెండు రోజుల ప్రయాణం. ఇలా ఎన్నేళ్లాడినా ఆటగాడు తయారవడు. హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్, రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ ఆరు జట్లుగా అండర్-15 లీగ్ పెడితే, ఇంటా బయటా కలిపి ఒక్కో జట్టుకు 10 మ్యాచ్‌లు. మొత్తం 30. కాజీపేట, రామగుండం, మంచిర్యాల ఒకే రైలు మార్గం మీదున్నాయి, ఉదయం బయల్దేరి రాత్రికి ఇల్లు చేరొచ్చు. నవంబరులో మొదలుపెట్టి ఫిబ్రవరిలో ముగిస్తే వానలూ తగలవు, పరీక్షలూ అడ్డురావు. మేడారం జాతర జరిగే ఏడాది ఆ వారం మ్యాచ్‌లు పెట్టకూడదు. బస్సులన్నీ అటే పోతాయి.

మైదానాల విషయంలో గొప్పలకు పోవద్దు. 105×68 మీటర్ల పూర్తి మైదానంలో గడ్డికి 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే దాదాపు 35,700 లీటర్లు కావాలి. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడుకు పైనే. ఎండాకాలంలో ఏ మున్సిపాలిటీ అంత పోస్తుంది? నీళ్లాగిన నెలకు అది మళ్లీ మొరం నేలే. గట్టి మొరం మీద పిల్లలు పడడానికి భయపడతారు. స్లైడింగ్ టాకిల్ నేర్వరు, గోల్‌కీపర్ డైవ్ చేయడు. పదమూడేళ్లలోపు వాళ్లకు 70×50 మీటర్లలో తొమ్మిది మంది ఆట చాలు, నీళ్లు సగానికి తగ్గుతాయి. బంతి 4వ నంబరుది వాడాలి. పెద్దవాళ్ల 7.32 మీటర్ల గోల్ ముందు పన్నెండేళ్ల కీపర్‌ను నిలబెడితే పైనుంచి వేసిన ప్రతి బంతీ గోలే. వాడు ఆట మానేస్తాడు.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటుంది. పిల్లలను జట్టులో చేర్చుకోగానే ఏఐఎఫ్ఎఫ్ కేంద్రీకృత రిజిస్ట్రేషన్‌లో పేరు ఎక్కించాలి. ఆ పిల్లవాడు పెద్దయ్యాక డబ్బు మీద ఒక దేశపు క్లబ్బు నుంచి మరో దేశపు క్లబ్బుకు మారితే, ఆ మొత్తంలో 5 శాతాన్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య అతన్ని తీర్చిదిద్దిన క్లబ్బులకు పంచాలని ఫీఫా నిబంధన. 12 నుంచి 15 ఏళ్ల దాకా నేర్పిన క్లబ్బుకు కోటి రూపాయల బదిలీ మీద లక్ష వస్తుంది. రికార్డులో పేరు లేకపోతే ఏమీ రాదు. పుట్టిన తేదీ పత్రం ముందే ఎక్కితే వయసు దాచే బెడద కూడా తగ్గుతుంది.

జూన్‌లో బడులు తెరిచేలోగా రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం జిల్లాలవారీగా రిజిస్టరైన పిల్లల సంఖ్యను, లీగ్ తేదీలను, డి-లైసెన్స్ (తొలి మెట్టు కోచింగ్ అర్హత) ఉన్న కోచ్‌లు ఏ మైదానంలో ఏ వేళల్లో ఉంటారో ప్రకటించాలి. కొత్త క్లబ్బు గురించిన చర్చ ఆ జాబితాను ముందు పెట్టుకుని మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ అభిమాని,
హనుమకొండ