ఐసీయూ బెడ్డును ఎలా లెక్కపెట్టాలి? ఆరోగ్య శాఖ మంత్రి గారికి విశాఖ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి మళ్లీ వస్తే విశాఖలో ఐసీయూలు నడపాల్సిన డాక్టర్లం, నర్సులం, బయోమెడికల్ ఇంజనీర్లం కలిసి రాస్తున్నాం. మా విన్నపం ఒక్కటే. ఐసీయూ బెడ్డు అని లెక్క రాసే ముందు దాని దాకా ఆక్సిజన్ చేరుతోందా, మూడు షిఫ్టుల్లోనూ నర్సు ఉందా అని చూసి రాయించండి.

ఆక్సిజన్ తయారీకి మన ఊళ్లో లోటు లేదు. 2021 ఏప్రిల్‌లో మహారాష్ట్రకు మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ నింపింది మన స్టీల్ ప్లాంటులోనే. చిక్కంతా ఆసుపత్రి గేటు లోపలే. హై ఫ్లో (ముక్కు గొట్టాల ద్వారా ఎక్కువ వేగంతో ఇచ్చే ఆక్సిజన్) మీదున్న ఒక్క రోగికి నిమిషానికి 60 లీటర్ల దాకా పోతుంది. 7 క్యూబిక్ మీటర్ల జంబో సిలిండరు రెండు గంటలు కూడా రాదు. అలాంటివారు 20 మంది ఉంటే నిమిషానికి 1,200 లీటర్లు. 10 కిలోలీటర్ల లిక్విడ్ ట్యాంకు దాదాపు అయిదు రోజులు వస్తుంది గానీ, ద్రవాన్ని గ్యాసుగా మార్చే వేపరైజరూ, పైపులూ అంత ప్రవాహాన్ని మోయగలగాలి. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కదా, వేపరైజరు రెక్కల మీద మంచు గడ్డకడుతుంది, గ్యాసు తగ్గిపోతుంది. అందుకే రెండు పెట్టి మార్చి మార్చి నడపాలి. వార్డు పైపు సన్నదైతే ట్యాంకు దగ్గర ప్రెషరు గేజీ ముల్లు సరిపడా 4 బార్ చూపిస్తుండగానే చివరి బెడ్డు దగ్గర వెంటిలేటరు అలారం కొడుతుంది.

దీనికి పరీక్ష సులువు. వార్డు ఖాళీగా ఉన్నప్పుడు, కిటికీలు తెరిచి, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని, బెడ్ల దగ్గరి ఆక్సిజన్ పాయింట్లు ఒక్కొక్కటిగా పూర్తిగా విప్పుతూ ఆఖరి బెడ్డు దగ్గర ప్రెషరు కొలవాలి. అదే లైనులో ఉన్న మిగతా వార్డులకు ముందే సిలిండర్లు పెట్టుకోవాలి. ఎన్నో పాయింటు దగ్గర ముల్లు జారిందో, ఆ వార్డు అంతకు లోపు రోగులకే సరిపోతుంది.

గాలి నుంచి ఆక్సిజన్ వేరుచేసే పీఎస్‌ఏ ప్లాంట్లను పూర్తిగా నమ్ముకోవద్దు. అవి కరెంటు మీద నడుస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక ఊరు ఎన్ని రోజులు చీకట్లో ఉందో అందరికీ గుర్తే. తుపాన్ల నెలల్లోనే ఫ్లూ ముదిరితే సిలిండరు బ్యాంకు, జనరేటరు డీజిలు నిండుగా ఉండాలి.

ఇక మనుషులు. వెంటిలేటరు మీదున్న ప్రతి రోగికీ ఒక నర్సు ఉండాలి, రద్దీలో ఇద్దరికి ఒకరు. అంతకు తగ్గితే కఫం తీయడం ఆలస్యమై శ్వాసనాళంలోని ట్యూబు మూసుకుపోతుంది. ఊపిరితిత్తులకు ఆక్సిజన్ బాగా అందేలా రోగిని బోర్లా తిప్పడానికి అయిదుగురు కావాలి: తల దగ్గర ట్యూబు పట్టుకునేవారు ఒకరు, అటూ ఇటూ ఇద్దరేసి. తల దగ్గరున్నవారు చెబితేనే అందరూ కదలాలి. లేకపోతే ట్యూబు ఊడి వస్తుంది. ఇవన్నీ వార్డు నర్సులకు ఇప్పుడే నేర్పాలి.

ఫ్లూ అనుమానం ఉన్న ఐసీయూ రోగికి రిపోర్టు కోసం ఆగకుండా ఫ్లూ మందు ఒసెల్టామివిర్ 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు రైల్స్ ట్యూబు (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) ద్వారా మొదలుపెట్టాలి. కిడ్నీలు దెబ్బతిన్నవారికి డోసు తగ్గించాలి. 2009 స్వైన్ ఫ్లూలో గర్భిణులకు ముప్పు ఎక్కువైంది. కాబట్టి ప్రసూతి ఆసుపత్రి అయిన ఘోషాసుపత్రి నుంచి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఐసీయూకు తరలించాలంటే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసిపెట్టాలి.

మన్యం నుంచి రోగిని తెచ్చే అంబులెన్సు పాడేరు ఘాటు దిగి విశాఖ చేరడానికి సుమారు మూడు గంటలు. 1.5 క్యూబిక్ మీటర్ల బీ టైపు సిలిండరు నిమిషానికి 15 లీటర్ల చొప్పున 100 నిమిషాలే వస్తుంది. అంబులెన్సులో రెండు పెడితే దారిలో లారీ ఆగినా కష్టమే. మూడు ఉండాలి.

ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ప్రతి ఉదయం ఆక్సిజన్, నర్సు రెండూ ఉన్న బెడ్ల సంఖ్య ఒకే కంట్రోల్ రూముకు చెప్పేలా, అక్కడ రాత్రింబవళ్లు ఒక సీనియర్ ఐసీయూ డాక్టరు కూర్చుని తరలింపులు నిర్ణయించేలా ఉత్తర్వు ఇవ్వండి. పైపుల పరీక్ష మాత్రం వానలు పడేలోపే జరగాలి. గేజీలు, చేసే మనుషులు మా దగ్గరున్నారు. మీ ఉత్తర్వు ఒక్కటే రావాలి.

ఇట్లు,
విశాఖపట్నంలోని ఐసీయూ వైద్యులు, నర్సులు, బయోమెడికల్ ఇంజనీర్లు