ఎగ్మూరులో పదకొండు గంటలకి

నెల్లూరు,
ఆదివారం

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు మామూలే. బోరు మోటారు మళ్లీ కాలిపోయింది, ఈసారి కొత్తదే వేయించాను. నువ్వు ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం రాస్తున్నాననుకునేవు, అదేం కాదు. రిటైరయ్యాక నా చేతిరాత పాడైపోతోంది, అందుకని.

మొన్న చిన్నత్త ఫోన్ చేసింది. వాళ్ల అపార్ట్‌మెంట్లో నీళ్ల ట్యాంకర్ గొడవ అరగంట చెప్పింది. మాటల్లో మాటగా నిన్ను ఎగ్మూరు మ్యూజియంలో చూశానంది. మంగళవారం, పొద్దున పదకొండు గంటలకి. శాసనాల రాళ్ల పక్కన నేల మీద చతికిలబడి ఏదో రాసుకుంటున్నావట. పిలిస్తే వినపడలేదట. నేనేమీ అనుకోలేదు. మీ ఆఫీసుల్లో ఇప్పుడు ఇంటి నుంచే పని, ఏ రోజంటే ఆ రోజు సెలవు, అలాంటివి ఉంటాయి కదా.

సరే, అది వదిలెయ్. నిన్న బీరువా సర్దుతుంటే తంజావూరు ఫొటో దొరికింది. నీ ఎనిమిదో క్లాసు సెలవుల్లోది. పెద్ద గుడి అరుగు గోడ మీద అక్షరాలను వేలితో దిద్దుతూ నువ్వు, పక్కన ఐస్ కారిపోతున్న చేత్తో బుజ్జిగాడు. అక్కడ ఒక పెద్దాయన ఆ అరవ అక్షరాలు చదివి చెప్పాడు, గుర్తుందా? మేం ఇచ్చినవీ, మా అక్క ఇచ్చినవీ, మా ఆడవాళ్లు ఇచ్చినవీ, ఇంకా ఇచ్చినవాళ్లు ఇచ్చినవీ రాతి మీద చెక్కండి అని రాజరాజ చోళుడు చెప్పిన మాట. అంతే, నువ్వు బుజ్జిగాడి మీదికి లేచావు. "రాజంతటివాడే తన తర్వాత అక్క పేరు రాయించాడు, కిటికీ సీటు నాదే" అన్నావు. తిరుగు ప్రయాణంలో నెల్లూరు దాకా వాడికి కిటికీ దక్కలేదు.

గుడిలో ఆడిపాడే నాలుగు వందల మంది ఆడవాళ్ల పేర్లు, ఏ వీధిలో ఎన్నో ఇల్లు, ఏడాదికి నూరు కలాల వడ్ల వాటా, అన్నీ ఆ గోడల మీద ఉన్నాయని ఆయన చెబితే నువ్వు నోరు తెరుచుకుని విన్నావు. వెయ్యేళ్ల కిందటే అడ్రసులు రాసిపెట్టారా నాన్నా అని దారంతా అదే ప్రశ్న. మన మూలాపేట ఇంటికి ఇప్పటికీ సరైన డోర్ నంబర్ లేదు.

మీ అమ్మేమంటుందంటే, ఆ పిచ్చి నీకు అంటించింది నేనేనట. చోళులు, అరవ సినిమాలు, చెపాక్ క్రికెట్ అని పిల్ల బుర్ర పాడుచేశారు, ఇప్పుడు అనుభవించండి అంటోంది. ఏం అనుభవించాలో మాత్రం చెప్పదు. మీరిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారేమోనని నా అనుమానం.

నాకు ఆ పిచ్చి ఉన్న మాట నిజమే. నెల్లూరోడికి మద్రాసు పొరుగింటి వాకిలి లాంటిది. పెళ్లిపట్టుచీర కావాలన్నా, పెద్ద డాక్టర్ కావాలన్నా, కొత్త సినిమా కావాలన్నా అక్కడికే. మన సినిమాలూ అక్కడే తీశారాయె. వాహినీ స్టూడియోలో ఒకే సెట్ మీద పొద్దున తెలుగు, మధ్యాహ్నం అరవం తీసిన రోజులు! శివాజీ గణేశన్ డైలాగులు అర్థం కాకుండానే బట్టీపట్టాను నేను. అర్థం తర్వాత తెలిసింది. కానీ తల్లీ, పిచ్చి వేరు, పొట్టకూడు వేరు. నేను ఏ రోజూ ఆఫీసు ఎగ్గొట్టి సినిమాకి పోలేదు.

కులోత్తుంగుడి కథ నీకు నేను చెప్పిందే. మన వేంగి పిల్లాడు, రాజరాజ నరేంద్రుడి కొడుకు, 1070లో చోళ సింహాసనం ఎక్కాడు. అక్కడికి వెళ్లి బాగుపడలేదా అని నువ్వడగొచ్చు. వాళ్లమ్మ రాజేంద్ర చోళుడి కూతురు. తాతగారి రాజ్యం ఉంది. మీ తాతకి ఉన్నది రెండెకరాలు, అదీ కోర్టులో.

ఎస్పీ బాలు సంగతంటావా, ఇంజనీరింగ్ చదవడానికి మద్రాసు వెళ్లి పాటగాడయ్యాడు, నిజమే. ముందు అరవం సరిగ్గా నేర్చుకుని రమ్మన్నారు సంగీత దర్శకుడు విశ్వనాథన్ గారు. బాలు నేర్చుకున్నాడు, 1969లో ఎంజీఆర్‌కి పాడాడు. అందరికీ ఆ గొంతు ఉండొద్దూ?

నీకు ఎప్పటినుంచో ఒకటి చెప్పాలనుకుంటున్నాను. 1986 సెప్టెంబర్ 22, సోమవారం. చెపాక్‌లో ఆస్ట్రేలియాతో టెస్ట్, చివరి రోజు. డీన్ జోన్స్ ఆ ఎండలో వాంతులు చేసుకుంటూ 210 కొట్టింది, మన కపిల్ 119 కొట్టింది రేడియోలోనే విన్నాను. చివరి రోజుకి మాత్రం పెదనాన్నా నేనూ తెల్లవారుజామున బండెక్కి వెళ్లాం. నానమ్మ కట్టిన పులిహోర పొట్లం నా ఒళ్లో. గెలవాలంటే 348. అంత ఉక్కలో గ్రెగ్ మాథ్యూస్ స్వెట్టర్ వేసుకుని బౌలింగ్ వేస్తున్నాడు! వీడికి జ్వరమా ఏమిటని మా వెనకాయన ఒకటే నవ్వు. మనవాళ్లు డ్రా చేస్తారనుకుంటే గెలుపు మీదికి పోతున్నారు. గవాస్కర్ తొంభైకి ఔటయ్యాడు. అప్పుడు పెదనాన్న వాచీ చూసుకుని లేచాడు. "పదరా, బండి తప్పిపోతుంది. రేపు పొద్దున ఉద్యోగంలో చేరాలి నువ్వు" అన్నాడు. నా మొదటి ఉద్యోగం. జేబులో ఆర్డర్ కాగితం, నాలుగు మడతలు. గేటు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే నడిచాను. లోపల గోల లేచినప్పుడల్లా అది ఫోరో, వికెట్టో తెలీదు.

సెంట్రల్లో టీ కొట్టు దగ్గర ట్రాన్సిస్టర్ చుట్టూ జనం. ఆఖరి ఓవర్, నాలుగు పరుగులు కావాలి. శాస్త్రి రెండు తీశాడు, ఒకటి తీశాడు, స్కోరు సమానమైంది. మణీందర్ ఒక బంతి ఆపాడు. తర్వాతది కాళ్లకి తగిలింది, ఎల్‌బీడబ్ల్యూ, ఆఖరి వికెట్ పోయింది. పోర్టర్ ఒకాయన "జెయిచ్చోమా, తోత్తోమా?" (గెలిచామా, ఓడామా?) అని అందరినీ అడుగుతున్నాడు. టై అంటే ఏమిటో అక్కడ సగం మందికి తెలీదు. అంతకుముందు టెస్టుల్లో జరిగింది ఒక్కసారే, 1960లో బ్రిస్బేన్‌లో. అలాంటిది నా కళ్ల ముందు జరగాల్సింది. రెండు మైళ్ల దూరంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. పెదనాన్న మొహం వైపు చూడలేదు. నెల్లూరు దాకా మాట్లాడలేదు. పులిహోర అలాగే వెనక్కి తెచ్చాను.

తెల్లారి తొమ్మిదింటికల్లా ఆఫీసుకి పోతే సంతకం పెట్టాల్సిన ఆఫీసరు సెలవు. గురువారం రమ్మన్నారు.

99లో పాకిస్తాన్ మ్యాచ్‌కి మాత్రం ఎవరు పిలిచినా లేవనని కూర్చున్నాను. సచిన్ 136 కొట్టి ఔటయ్యాక నాలుగు పరుగుల్లో అంతా అయిపోయింది. 12 పరుగులతో ఓడాం. అయినా చెపాక్ అంతా లేచి నిలబడి గెలిచినవాళ్లకి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, ఏడుస్తూనే.

నేను చెప్పదలచుకున్నది మధ్యలో లేచి రాకూడదని. ఐదేళ్ల సర్వీసు, ప్రమోషన్ ముంగిట్లో ఉంది, అలాంటప్పుడు... ఇక్కడి దాకా రాసి మీ అమ్మకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "ఈ కథ దాని వైపే మాట్లాడుతోంది, కొట్టేయండి" అంది. పెన్నుతో రాశాను, కొట్టేస్తే అసహ్యంగా ఉంటుంది. ఉండనీ.

ఎవరైనా ఉద్యోగం మానేస్తే, నువ్వని కాదు, ఎవరైనా సరే, పీఎఫ్ డబ్బులు ముట్టుకోకూడదు. కంపెనీ ఇన్సూరెన్స్ పోతుంది కాబట్టి సొంతంగా ఒకటి తీసుకోవాలి. వేళచ్చేరిలో అంత అద్దె కట్టనక్కర్లేదు, చిన్నత్త ఇంట్లో మేడ మీద గది ఖాళీగానే ఉంది, నేను ఊరికే కనుక్కున్నాను. శాసనాల చదువుకి ఫీజు ఎంతో, ఎన్నాళ్లో, తర్వాత ఉద్యోగం ఏమిటో కూడా ఎవరైనా ఒక కాగితం మీద రాసి తండ్రికి చూపిస్తే బాగుంటుంది.

వచ్చే మంగళవారం అమ్మా నేనూ పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నాం. కందిపొడి, చింతకాయ పచ్చడి, మలాయి కాజా తెస్తున్నాం. నీకు ఆఫీసుంటే ఆఫీసుకి వెళ్లు, తాళం చెవి పక్కింట్లో ఇచ్చిపో. ఆఫీసు లేకపోతే మధ్యాహ్నానికి సెంట్రల్‌కి రా, సంచులు బరువు.

ఇట్లు
నాన్న

తా.క.: ఆ రాళ్ల దగ్గర కూర్చునేటప్పుడు కింద ఏదైనా పరుచుకో. చల్లదనం నడుముకి పట్టేస్తుంది.