ఈ ఏడు మన చలివేంద్రం 103 రోజులు: విరాళాల కోసం విజ్ఞప్తి

ఊరి పెద్దలకు, మెట్టినూళ్లలో ఉన్న ఆడపడుచులకు, హైదరాబాదులో, బెంగళూరులో, ఇంకా దూరాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలకు ఆంజనేయస్వామి గుడి కమిటీ నమస్కారాలు.

ప్రతి ఏడూ ఉగాదికి ముందు రసీదు పుస్తకం పట్టుకుని మీ గడపకు వచ్చేవాళ్లం. ఈసారి ముందుగా రాసి పంపుతున్నాం. అడిగేది నిరుటికంటే ఎక్కువ కాబట్టి. ఎందుకు ఎక్కువో అరుగు మీద నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేం, పంచాంగం తెరిచి చూపించాల్సిన లెక్క అది.

మన చలివేంద్రం ఉగాది పొద్దున మొదలై ఏరువాక పున్నమి సాయంత్రం ముగుస్తుంది. ఇది మొదటి నుంచీ మనం పెట్టుకున్న కట్టుబాటు. నిరుడు ఉగాది మార్చి 30న, ఏరువాక జూన్ 11న వచ్చాయి. అంటే 74 రోజులు. ఈ ఏడు పరాభవ నామ సంవత్సర ఉగాది మార్చి 19నే వస్తోంది. ఏరువాక చూస్తే జూన్ 29కి జరిగింది. వేళ్లు మడిచి లెక్కేసుకోండి, 103 రోజులు. నడుమ మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం వచ్చి కూర్చుంది.

పిల్లలు అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాం. చంద్రుడి లెక్కన ఏడాదికి 354 రోజులు, సూర్యుడి లెక్కన 365. ఏటా పదకొండు రోజుల తేడా పేరుకుపోతుంది. దాన్ని సర్దడానికి రెండున్నరేళ్లు దాటాక ఒక నెల అదనంగా వేస్తారు. కిందటిసారి 2023లో అది శ్రావణంలో పడింది, వానాకాలం కాబట్టి మనకు తెలియలేదు. జ్యేష్ఠంలో పడింది 2018లో. అప్పటికి మనకు చలివేంద్రమే లేదు. గుడి ముందు వేపచెట్టు కింద ఒక కుండ, దాని మీద మూత, ఒక చెంబు. అంతే. అందుకే ఈ ఖర్చు మా ఊహకు కూడా రాలేదు. సంక్రాంతి అప్పుడు మన పూజారిగారు కొత్త పంచాంగం తిరగేస్తూ "ఏరువాక జూన్ ఆఖరుకు పోయిందయ్యా" అంటే కోశాధికారికి నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

రోజుల సంగతి ఒక ఎత్తు, శనివారాల సంగతి ఒక ఎత్తు. మన ఊరు కందుకూరు వైపు నుంచి మాలకొండకు పోయే దారిలో ఉంది. మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి దర్శనం శనివారం ఒక్కరోజే అని మీకు చెప్పనక్కర్లేదు. తక్కిన ఆరు రోజులూ దేవతలు, ఋషులు స్వామిని కొలుచుకుంటారని పెద్దల మాట. ఆ ఒక్కరోజు కోసం శుక్రవారం రాత్రి నుంచే నడక మొదలవుతుంది. తలనీలాల మొక్కు ఉన్నవాళ్లు, చంటిబిడ్డల్ని ఎత్తుకున్నవాళ్లు, ట్రాక్టర్లలో వచ్చేవాళ్లు, అందరూ మన గుడి దగ్గరే ఆగుతారు. తిరుగు దారిలో పన్నెండు గంటల ఎండకు వచ్చేవాళ్ల ముఖాలు చూస్తే మంచినీళ్లు ఇచ్చి పంపడానికి మనసు రాదు, మజ్జిగ ఇవ్వాల్సిందే. నిరుడు మన 74 రోజుల్లో శనివారాలు పది. ఈ ఏడు పదిహేను. అందులో నాలుగు అధిక మాసంలోనే. రోహిణీ కార్తె కూడా అందులోకే వచ్చింది. రోళ్లు పగిలే ఎండ అని ఊరికే అనలేదు.

మరి నిరుడు ఏం జరిగిందో దాచడం దేనికి. జూన్ మొదటి వారానికే డబ్బులు అయిపోయాయి. ఆఖరి శనివారం, అంటే జూన్ 7న, మజ్జిగ పదిన్నరకే ఖాళీ. ఆ తర్వాత వచ్చినవాళ్లకు నీళ్లే ఇచ్చాం. అంతకుముందు ఒక శనివారం బయట కొన్న పెరుగు పులిసిపోయి వస్తే మొత్తం పారబోయాల్సి వచ్చింది. ఇంకొకటి, జమాఖర్చుల కాగితం గుడి గోడకు అంటించడంలో నెల ఆలస్యం చేశాం. కొందరు మొహం మీదే అడిగారు. అడగడం న్యాయమే. ఈసారి ప్రతి పున్నమికి లెక్క అంటిస్తాం. ఉగాది నుంచి ఏరువాక దాకా నాలుగు పున్నములు వస్తాయి: చైత్రం, వైశాఖం, అధిక జ్యేష్ఠం, నిజ జ్యేష్ఠం. నాలుగు కాగితాలూ కనపడకపోతే కమిటీని నిలదీయండి.

ఇక డబ్బు లెక్క. మామూలు రోజు చలివేంద్రానికి 700 రూపాయలు అవుతోంది. మన బోరు నీళ్లు ఉప్పు. గొంతులో పోసుకుంటే దాహం తీరదు సరికదా ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఫిల్టరు నీళ్ల క్యాన్లు కొని కుండల్లో పోస్తున్నాం. ఆ డబ్బూ, పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా కూర్చుని పోసే మనిషి కూలీ కలిపి అంత. శనివారం మజ్జిగతో 5,000. ఆ లెక్కన 88 మామూలు రోజులకు 61,600, పదిహేను శనివారాలకు 75,000, మొత్తం 1,36,600 రూపాయలు. నిరుడు ఇదే లెక్కన 94,800తో సరిపోవాల్సింది. అదే చాలలేదు. దీనికి తోడు శ్రీరామనవమి కల్యాణానికి 30,000, నరసింహ జయంతి పానకానికి 8,400, హనుమజ్జయంతి అన్నదానానికి 55,000. అన్నీ కలిపి 2,30,000. కల్యాణం ఖర్చు మూడు కుటుంబాలవాళ్లు తమదని ముందే చెప్పారు. పేర్లు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు. గుడి ఖాతాలో 64,000 ఉంది. ఇంకా కావాల్సింది 1,36,000.

చిత్రమేమిటంటే, తక్కువ పడే నెలలోనే మనకు రాబడి కూడా ఉండదు. అధిక మాసంలో పెళ్లిళ్లు లేవు, గృహప్రవేశాలు లేవు. పెళ్లికొడుకు గుడికి వచ్చి హుండీలో వేసే నూటపదహార్లు కూడా మన లెక్కలో పెద్దవే. శుభకార్యాలకు పనికిరాని నెల అంటారే గానీ దానానికి పురుషోత్తమ మాసాన్ని మించింది లేదంటారు. ఆ నెలలో 33 అప్పాలు దానమిచ్చే ఆచారం ఉంది కదా, కమిటీలో ఒకాయనకు దాని మీదే ఒక ఆలోచన వచ్చింది. 33 అప్పాలు ఇచ్చేవాళ్లు ఇవ్వండి, వీలు కానివాళ్లు 33 చెంబుల మజ్జిగ మన కుండలో పోయండి. శాస్త్రంలో ఉందా అని అడిగితే పూజారిగారు నవ్వి ఊరుకున్నారు. వద్దనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే.

అయినా నీళ్ల దానం గురించి మన వాళ్లకు మేం చెప్పేదేముంది. వైశాఖ పురాణం విన్నవాళ్లకు హేమాంగదుడి కథ గుర్తుండే ఉంటుంది. ఆ రాజు గోవులిచ్చాడు, భూములిచ్చాడు, బంగారమిచ్చాడు. నీళ్లు మాత్రం ఇవ్వలేదు. ఎక్కడ పడితే అక్కడ దొరికేదాన్ని దానమివ్వడమేమిటి అనుకున్నాడట. దాంతో చాతక పక్షిగా పుట్టి, గద్దగా పుట్టి, కుక్కగా పుట్టి, చివరికి మిథిల రాజుగారి ఇంట్లో గోడ మీద బల్లి అయ్యాడు. ఇంటికి వచ్చిన మహర్షి కాళ్లు కడిగిన నీళ్లు మీద చిందితే గానీ విముక్తి కలగలేదు. బంగారమంతా ఇచ్చినా బల్లి జన్మ తప్పలేదు చూడండి. అక్షయ తృతీయ నాడు నగల కొట్ల ముందు వరసకట్టే మన ఆడపడుచులు ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఆ రోజుకు పెద్దలు చెప్పిన దానం నీళ్లు నింపిన కుండ. ఉదకుంభ దానం. గొడుగు, చెప్పులు, విసనకర్ర కూడా ఈ నెల దానాలే. ఎండకు ఏం కావాలో అవే. గ్రాము బంగారం కొనేవాళ్లను మేం ఆపం, దాంతోపాటు ఒక కొత్త మట్టికుండ తెచ్చి పందిట్లో పెట్టండి చాలు. ఈ ఏడు మనకు పన్నెండు కుండలు కావాలి. నిరుటివి ఏడు ఉన్నాయి, రెండు కారుతున్నాయి.

పండగల వివరాలు కాస్త చెబుతాం, ఊరికి రావాలనుకునేవాళ్లు సెలవులు చూసుకోవడానికి. శ్రీరామనవమి మార్చి 27, శుక్రవారం. ఎప్పటిలాగే కల్యాణం, వడపప్పు, పానకం. ఏప్రిల్ 2న చైత్ర పున్నమి. ఆ రోజు మాల వేసుకున్నవాళ్లకు 41 రోజుల హనుమాన్ దీక్ష మే 12న వైశాఖ బహుళ దశమి నాటికి సరిగ్గా పూర్తవుతుంది. ఉత్తరాదివాళ్లు చైత్ర పున్నమినే హనుమజ్జయంతి చేస్తారు, మనకు దశమి. ఈసారి ఆ దశమి మంగళవారం పడింది, స్వామివారి రోజే. ఆ రోజు ఆకుపూజకు తమలపాకులు, అప్పాల దండ, మధ్యాహ్నం అన్నదానం. దీక్ష వాళ్లు నిరుడు పాతికమంది దాకా ఉన్నారు. ఎండలో ఒంటిపూట భోజనంతో, నేల మీద పడకతో ఉంటారు కాబట్టి రాత్రి వాళ్ల ఫలహారం సంగతి ఎవరైనా ఒక్కో రోజు చూసుకుంటే కమిటీకి పెద్ద బరువు దిగుతుంది.

నరసింహ జయంతి ఏప్రిల్ 30, గురువారం. మాలకొండ స్వామి దారిలో ఉన్న ఊరికి ఈ పండగ మిగతావాటిలాంటిది కాదు. పగలూ రాత్రీ కాని వేళ, ఇంటా బయటా కాని గడప మీద స్వామి హిరణ్యకశిపుణ్ణి చీల్చాడు కాబట్టి పూజ కూడా ఆ అసుర సంధ్య వేళకే. అప్పటిదాకా ఉపవాసం. పొద్దు వాలగానే పానకం తాగి ఉపవాసం విడుస్తారు. అందుకే మన ఊళ్లో ఆ రోజు పానకం ప్రసాదం మాత్రమే కాదు, ఆకలికి ముందు పడే మొదటి గుక్క. బెల్లం పాకం వడగట్టి, మిరియాలు, శొంఠి, యాలకులు దంచి వేస్తాం. పొడి కొట్ల నుంచి కొనడం మానేశాం. రోట్లో దంచిన మిరియానికి ఆ ఘాటే వేరు. కిందటేడు బెల్లం తక్కువైందని ఒక అవ్వ నలుగురిలో అనేసింది. ఈసారి దిమ్మలు ఎక్కువే రాసుకున్నాం.

జూన్ 25 నిర్జల ఏకాదశి. నిజ జ్యేష్ఠంలో వస్తుంది. ఆకలికి ఆగలేని భీముడు ఏడాది ఏకాదశులన్నిటికీ బదులుగా చుక్క నీళ్లు ముట్టకుండా చేసిన ఒక్క ఉపవాసం అది. ఆ రోజు మన చలివేంద్రంలో నీళ్లు పోసేవాళ్లలో ముగ్గురు నలుగురు తాము గుక్కెడు కూడా తాగకుండా పోస్తుంటారు. చూస్తే గొప్పగా ఉంటుంది గానీ మాకు భయంగా కూడా ఉంటుంది. బీపీ, షుగరు మందులు వేసుకునేవాళ్లు, గర్భిణులు, డెబ్భై దాటినవాళ్లు దయచేసి ఈ ఉపవాసం జోలికి రావద్దు. నీళ్ల కుండ దానమిచ్చి దణ్ణం పెట్టుకుంటే చాలని పూజారిగారే చెప్పారు.

డబ్బే ఇవ్వాలని లేదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాం. గేదెలున్నవాళ్లు శుక్రవారం రాత్రి తోడుపెట్టిన పెరుగు శనివారం తెల్లారేసరికి పంపితే బయట కొనే పనీ, పులుపు భయమూ ఉండవు. అల్లం, కరివేపాకు, నిమ్మకాయలు పెరట్లో ఉన్నవాళ్లు గుప్పెడు తెచ్చిస్తే సరి. శనివారాలు పోయడానికి మనుషులు కావాలి. కాలేజీ పిల్లలకు అప్పటికి సెలవులే కదా. ఫోన్లు కాసేపు పక్కన పెట్టి చెంబు పట్టుకోండి. పందిరి పక్కన పశువులకు, కుక్కలకు సిమెంటు తొట్టి ఒకటి కడదామని ఉంది. ఇసుక, ఇటుక ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే చెప్పండి. పొగాకు అమ్మినవాళ్లు వేలం డబ్బులు చేతికి వచ్చాక ఇస్తామన్నా మాకు సమ్మతమే, పేరు రాసుకుంటాం. ఈ ఏడు రేటు ఎలా ఉంటుందో ఆ స్వామికే ఎరుక, బలవంతం లేదు.

ప్లాస్టిక్ ప్యాకెట్లలో నీళ్లు పంచితే పని తేలికని, కూలర్ పెడదామని కమిటీలో కొంత వాదన జరిగింది. కుండలే గెలిచాయి. ఐసు కూడా వేయం. ఎండన పడి వచ్చినవాళ్లకు ఐసు నీళ్లు మంచివి కావని మా నమ్మకం. స్టీలు గ్లాసులు ఒక యాభై కావాలి. పేర్లు కొట్టించి ఇచ్చినా అభ్యంతరం లేదు, అయితే పేరున్న గ్లాసులు త్వరగా మాయమవుతాయని మా అనుభవం.

నగదు ఇచ్చేవాళ్లు గుడి దగ్గర పూజారిగారికి ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేకుండా ఎవరికీ రూపాయి ఇవ్వొద్దు, కమిటీ వాళ్లకైనా సరే. దూరాన ఉన్నవాళ్లు గుడి ఖాతాకు ఫోన్‌పే చేయవచ్చు. క్యూఆర్ కోడ్ గర్భగుడి ఎదురు స్తంభానికి అంటించి ఉంది, దాని ఫోటో ఊరి గ్రూపులో పూజారిగారే పెడతారు. వేరేవాళ్లు పంపిన కోడ్ నమ్మొద్దు. డబ్బు పంపాక పేరు, ఇంటిపేరు, ఏ రోజు ఖర్చుకో రాయండి. శనివారం ఒకటి మొత్తం ఎత్తుకుంటే 5,000. పెద్దల పేరున, పిల్లల పుట్టినరోజు పేరున అలా ఎత్తుకోవచ్చు. పదిహేనింటిలో ఇప్పటికి నాలుగు శనివారాలు ఎత్తుకున్నారు. మే 23, 30, జూన్ 6, 13, ఈ నాలుగింటికీ ఇంకా ఎవరూ ముందుకు రాలేదు. అన్నీ అధిక మాసంలోవే. 700 రూపాయలతో ఒక మామూలు రోజు మీది అవుతుంది. అది కూడా కష్టమైతే నలుగురు కలిసి ఒక రోజు పెట్టుకోండి.

పందిరి గుంజలు మార్చి 15, ఆదివారం పొద్దున ఆరింటికి పాతుతాం. తాటాకులు ముందురోజే కొట్టించి ఉంచుతాం. నిరుడు మే నెల గాలివానకు పందిరి ఎగిరి రోడ్డు మీద పడింది కాబట్టి ఈసారి గుంజలు రెండడుగుల లోతు దించాలి. గడ్డపార, పలుగు ఉన్నవాళ్లు తెచ్చుకోండి. టిఫిను కమిటీదే.

ఇట్లు
ఆంజనేయస్వామి గుడి కమిటీ